పిల్లల నోట బూతు మాట: ముందు ఆపాల్సింది ఎవరిని?



పోయిన వారం సరస్వతీ దేవి మీద చేసిన వీడియోలో ఒక విషయం సగంలో వదిలేశాను. వాక్కు అమ్మవారి రూపం అని చెప్పాను కానీ, మరి ఇంట్లో పిల్లలు బూతులు మాట్లాడితే ఏం చేయాలి అన్న దాని జోలికి పోలేదు. టైం లేక కాదు. అది చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి. కెమెరా ముందు ఆ ధైర్యం చాలలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మనలో చాలామందికి ఇంకా పిల్లలు లేరు. "ఇది తల్లిదండ్రుల టాపిక్ కదా, మనకెందుకు" అనుకోకండి. అన్న పిల్లలు, అక్క పిల్లలు, పక్క ఫ్లాట్ పిల్లలు మన నోటివైపే చూస్తుంటారు. అమ్మానాన్నలు చెప్పింది వింటారో లేదో గానీ, మనం ఫోన్‌లో గేమ్ ఆడుతూ అన్న మాట మాత్రం ఒక్కసారికే పట్టేస్తారు.

బాసరలో ఏం జరిగిందంటే

మాది కరీంనగర్. మా అన్న కొడుక్కి ఐదేళ్లు. వాడికి అక్షరాభ్యాసం బాసరలోనే చేయించాలని మా అమ్మ కోరిక. వసంత పంచమికి జనం బాగా ఉంటారని ఓ వారం ఆగి బయల్దేరాం. పొద్దున్నే కొండగట్టు ఎక్కి అంజన్న దర్శనం చేసుకుని, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్, నిజామాబాద్ మీదుగా బాసర చేరేసరికి మధ్యాహ్నం కావొచ్చింది.

బాసర సంగతి మీకు తెలుసు. గోదావరి ఒడ్డున జ్ఞాన సరస్వతి అమ్మవారు. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి నిర్మల్ జిల్లా. వ్యాస మహర్షి గోదావరిలో స్నానం చేసి, రోజూ పిడికెడు ఇసుక తెచ్చి ఇక్కడ అమ్మవారిని నిలిపాడని స్థలపురాణం. పిల్లవాడు జీవితంలో మొదటి అక్షరం ఆ తల్లి ముందు రాయాలని ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

మా వాడిని మా వదిన ఒడిలో కూర్చోబెట్టుకుంది. పంతులుగారు వాడి చెయ్యి పట్టుకుని పలక మీద ఓం రాయించారు. వాడు మాత్రం మధ్యమధ్యలో వెనక్కి తిరిగి "బాపమ్మా, నువ్వు రా" అంటున్నాడు. మా అమ్మ రాలేదు. స్తంభం పక్కన నిలబడి, "నేనిక్కడనే ఉన్న బిడ్డా, నువ్వు రాయి" అంది. మా బాపు పోయి తొమ్మిదేళ్లయింది. శుభకార్యంలో ముందుకు రాకూడదని ఆమె తనకు తానే పెట్టుకున్న నియమం. మేం కూడా ఎప్పుడూ గట్టిగా అడగలేదు.

అయిపోయాక బయటికి వస్తున్నాం. ఇరుకు దారి, జనం. ముందు నడుస్తున్న ఒకాయన బ్యాగ్ తిరిగి మా వాడి ముఖానికి తగిలింది. వాడు ముక్కు పట్టుకుని, ఆయన్ని చూసి, ఒక మాట అన్నాడు.

ఆ మాట ఇక్కడ రాయను. మీకు తెలిసిందే. 'ము'తో మొదలై 'కొడుకు'తో ముగుస్తుంది. ఒక చేతిలో పలక, నుదుట కుంకుమ, నోట ఆ మాట.

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్క క్షణం ఆగిపోయారు. తర్వాత వెనక ఎవరో నవ్వారు. మా వదిన చెయ్యెత్తింది. మా అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "కొట్టకు బిడ్డా, వానికేం ఎర్క" అని, వాడి ముందు కూర్చుని, "ఎవలు నేర్పిండ్రు నాయినా?" అని మెల్లగా అడిగింది.

వాడు నా వైపు వేలు చూపించాడు. "చిన్నబాపు అంటడు గదా. మ్యాచ్ జూసుకుంట."

నిజమే. క్యాచ్ వదిలేస్తే అంటాను. బండికి ఆటో అడ్డమొస్తే అంటాను. ఫ్రెండ్స్‌తో అయితే అది తిట్టు కూడా కాదు, మాటకు మాటకు మధ్య ఊపిరి లాంటిది. నేనే వారం వారం మీ ముందుకొచ్చి వాక్కు, మనస్సు, భక్తి అని మాట్లాడేది.

అది కాదు అసలు దెబ్బ. కారు దగ్గరికి వచ్చాక మా అన్న నన్ను తిడుతుంటే మా అమ్మ అడ్డుకుంది. అడ్డుకుంటూ మామూలుగానే అంది: "తియ్యి కొడుకా. తిట్టేమున్నది అండ్ల. మీ బాపు వోయిన కాన్నుంచి మీరిద్దరు గదే గదా."

మేమిద్దరం ఏమీ మాట్లాడలేకపోయాం.

ఆ మాట తగిలేది ఎవరికి?

ఆ మాటకు అర్థం భర్త పోయిన ఆడమనిషి కొడుకు అని. మొదటి సగం విధవరాలిని కించపరిచే మాట. తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో, మా అమ్మ వింటుండగా, ప్రతి మ్యాచ్‌కీ నేను ఆ మాట అన్నాను. ఆమె ఒక్కసారీ ఏమీ అనలేదు. నేను అర్థం ఆలోచించకుండా అన్నాను. ఆమె మాత్రం అర్థంతో సహా వింది.

"అర్థం పట్టించుకుని ఎవరంటారు బ్రో, అవన్నీ ఊతపదాలు" అని మనం అనుకుంటాం. అనేవాడు అర్థం మర్చిపోవడం సులువే. వినేవాళ్లలో ఎవరో ఒకరు మర్చిపోలేరు.

మన తిట్లు ఒకసారి వరుసగా గుర్తు చేసుకుని చూడండి, పైకి అనకుండా. గొడవ ఇద్దరు మగవాళ్ల మధ్య ఉంటుంది. మాట మాత్రం ఎవరి తల్లికో, ఎవరి చెల్లికో తగులుతుంది. లేదా ఒక కులాన్ని తిట్టుగా వాడతాం. లేదా కుంటి, గుడ్డి, నత్తి, పిచ్చి అని ఒకరి శరీరాన్నో మనసునో తిట్టుగా వాడతాం. బాసరలో బ్యాగ్ తగిలించినాయనకు మా వాడి మాట ఏమీ చేయలేదు. ఆయన నవ్వేసి పోయాడు. స్తంభం పక్కన నిలబడి వచ్చిన మా అమ్మకు తగిలింది. గొడవతో ఏ సంబంధమూ లేని మనిషికి.

కులం పేరుతో తిట్టడం గురించి చట్టమే మాట్లాడింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది కదా. 2015లో చేసిన సవరణల ప్రకారం, ఆ వర్గాలకు చెందినవారిని నలుగురి ఎదుట కులం పేరు పెట్టి తిట్టడం నేరం. ఒక మాటను నేరం అనడానికి దేశం ఇంత దూరం ఎందుకొచ్చింది? ఆ మాట వెనక కొన్ని వందల ఏళ్ల దెబ్బలు ఉన్నాయి కాబట్టి. ఆ దెబ్బలు తిననివాడికి అది ఊతపదం. తిన్నవాడికి కాదు.

విధవ అన్న మాటకు చట్టం లేకపోవచ్చు. కానీ మా అమ్మను స్తంభం పక్కన నిలబెట్టిందీ, నేను క్రికెట్ చూస్తూ అన్న మాటా ఒకే చోట నుంచి వచ్చాయి. భర్త పోతే ఆ మనిషి విలువ పోయింది అన్న నమ్మకం నుంచి. అది నాకు ఆ రోజు అర్థమైంది.

మన యాస బూతు కాదు

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. లేకపోతే ఇది తప్పు దారి పడుతుంది.

కరీంనగర్ నుంచో, మంచిర్యాల నుంచో హైదరాబాద్ వెళ్లి గేటెడ్ కమ్యూనిటీలో ఉంటున్న కొందరు, పిల్లలు "గిట్ల", "గట్ల", "ఏందిరా", "పోరడు" అంటే కూడా "ఛీ, మోటు మాటలు మాట్లాడకు" అంటున్నారు. పెద్దవాళ్లను "నువ్వు" అంటే సంస్కారం లేదంటున్నారు. మా దిక్కు అమ్మను, బాపును, అవ్వను, దేవుణ్ని కూడా "నువ్వు" అనే పిలుస్తాం. అందులో అగౌరవం లేదు. "నీ బాంచన్" అనే మనిషి "నువ్వు" అనే అంటాడు.

ఈ నేల మాటకు తక్కువ చరిత్ర లేదు. కరీంనగర్ పక్కన గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద 10వ శతాబ్దంలో జినవల్లభుడు చెక్కించిన శాసనంలో తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. ఆయన అన్న పంపడు వేములవాడ చాళుక్యుల ఆస్థానంలో కన్నడ ఆదికవి. అదే వేములవాడ దిక్కు హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి గారికి 1988 జ్ఞానపీఠం వచ్చింది. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కొండగట్టు దగ్గరి లంబాడిపల్లి గంగవ్వ మాట్లాడే మాటను ఇవాళ ఎక్కడెక్కడి తెలుగువాళ్లో ఫోన్‌లో పెట్టుకుని వింటున్నారు. 2023లో వచ్చిన 'బలగం' సినిమా సిరిసిల్ల దిక్కు మాటతోనే అందరినీ ఏడిపించింది.

కాబట్టి పిల్లవాడి యాసను సరిదిద్దొద్దు. యాసలో మాట్లాడినందుకు సిగ్గుపడేలా చేస్తే వాడికి బాపమ్మతో మాట తెగిపోతుంది. బూతు అంటే యాస కాదు, గట్టిగా మాట్లాడటం కాదు, కోపంగా మాట్లాడటం కూడా కాదు. ఎదుటివాడి మీద కోపంతో ఇంకెవరి అవమానాన్నో వాడుకోవడం బూతు. నాకు అర్థమైనంతలో ఇదే తేడా. చక్కటి పుస్తక భాషలో కూడా బూతు మాట్లాడొచ్చు. పచ్చి పల్లె మాటలో గంగ లాంటి మాటా మాట్లాడొచ్చు.

"తిడితే మనసు తేలికవుతుంది కదా?"

ఈ ప్రశ్నను తోసేయకూడదు. నిజం ఉంది ఇందులో.

ఇంగ్లండ్‌లో కీల్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ స్టీఫెన్స్ బృందం 2009లో ఒక ప్రయోగం ప్రచురించింది. విద్యార్థుల చెయ్యి మంచులాంటి చల్లటి నీళ్లలో పెట్టించారు. మామూలు మాట అంటూ ఒకసారి, బూతు మాట అంటూ ఒకసారి. బూతు అన్నప్పుడు ఎక్కువసేపు ఓర్చుకోగలిగారు. అంటే మాటకు శరీరం మీద పని చేసే బలం ఉంది. ఇది మన వాళ్లకు కొత్త సంగతి కాదు. మంత్రం అన్నదే ఈ నమ్మకం మీద నిలబడింది.

అదే బృందం 2011లో ఇంకో సంగతి చెప్పింది. రోజువారీగా ఎక్కువ బూతులు మాట్లాడేవాళ్లకు ఈ లాభం తగ్గిపోతోంది. మాట అరిగిపోతుందన్నమాట. పొద్దస్తమానం అనే మాట నొప్పి వచ్చినప్పుడు పనికిరాదు. 2020లో కొత్తగా తయారుచేసిన ఉత్తుత్తి తిట్లతో కూడా పరీక్షించారు. అవి నొప్పి ఓర్చుకోవడానికి సాయపడలేదు. మనసులో బరువు లేని మాట నోట్లోంచి వచ్చినా పని చేయలేదు.

దీన్నుంచి నాకు తోచింది చెప్తాను, ఇది ప్రయోగంలో ఉన్నది కాదు, నా ఆలోచన. పిల్లవాడికి బూతు వద్దు, దాని బదులు "షుగర్" అను, "ఫ్లవర్" అను అని ఏదో ఒక ఉత్తుత్తి మాట ఇస్తే లాభం లేదు. నొప్పిలో అనడానికి మనసులో ఇప్పటికే బరువున్న మాట కావాలి. మన పెద్దవాళ్లు కాలికి రాయి తగిలితే ఏమంటారు? "అవ్వా!" "అమ్మా!" "రామా!" "అంజన్నా!" చిన్నప్పటి నుంచి ప్రేమతో నింపుకున్న మాటలవి. ఒక్కసారి ఆలోచించండి. దెబ్బ తగిలితే ఒకరి నోట అమ్మ వస్తుంది. ఇంకొకరి నోట ఎవరి అమ్మనో తిట్టే మాట వస్తుంది. రెండు నోళ్లూ నేర్చుకున్నవే.

మన గ్రంథాలు తిట్టును ఎలా చూశాయి

మన సంప్రదాయం కోపమే వద్దు అనలేదు. భక్త రామదాసు గోల్కొండ చెరసాలలో రాముడినే నిలదీశాడు. చేయించిన నగల లెక్కలు అడిగి మరీ తిట్టాడు. వెంటనే దెబ్బలు ఓర్వలేక అన్నానని క్షమించమన్నాడు. ఆ తిట్టు కూడా కీర్తనై ఇవాళ గుళ్లలో పాడుకుంటున్నాం. ఎందుకు? ఆయన ఎవరిని తిట్టాలో వాళ్లనే తిట్టాడు. ముఖాముఖి. మధ్యలో ఇంకెవరి పరువూ తీయలేదు.

మా బాపమ్మ కూడా తిట్టేది. "సచ్చినోడా", "నీ నోట్లె మన్నువడ", "నీ దినాల్ జెయ్య" అంటూనే సల్ల పోసి అన్నం కలిపి పెట్టేది. వియ్యాలవారి మీద పెళ్లిలో పాటలు కట్టి ఎగతాళి చేయడం మన ఆచారమే. అందరికీ తెలుసు అది ఆట అని, పాట అయిపోతే కోపం ఉండదని. అలాగని పెద్దవాళ్లు అన్న ప్రతి మాటా బంగారం అని కూడా నేననను. 'ము'తో మొదలయ్యే ఆ మాట మా బాపమ్మ నోట కూడా నేను విన్నాను. ఆమె కూడా విధవరాలే. తనను కొట్టే కట్టెను తనే పట్టుకుని తిరిగింది పాపం.

ఇంకో వైపు శిశుపాలుడు ఉన్నాడు. రాజసూయంలో, నిండు సభలో, భీష్ముడినీ కృష్ణుడినీ తిట్టాడు. మేనత్తకు ఇచ్చిన మాట కోసం కృష్ణుడు నూరు తప్పులు ఓర్చుకున్నాడు. ఆ కథను "నూరు దాకా పర్వాలేదు" అని జోక్ చేస్తాం మనం. నాకు ఇప్పుడు ఆ కథలో కనబడేది ఆ తల్లి. కొడుకు నోటి దురుసు ఎక్కడికి దారి తీస్తుందో ముందే భయపడి, వాడి కోసం వరం అడుక్కున్న తల్లి. వరం దొరికింది కానీ నోరు మారలేదు.

గీత 17వ అధ్యాయంలో కృష్ణుడు మాటను తపస్సుల్లో చేర్చాడు. ఎదుటివాడిని కలవరపెట్టనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది, అలాంటి మాట వాక్కుతో చేసే తపస్సు అన్నాడు. తపస్సు అన్నాడంటే అది పుట్టుకతో రాదు, రోజూ చేస్తే వస్తుంది అనే కదా. ఐదేళ్ల పిల్లవాడి నుంచి పూర్తయిన తపస్సు ఆశించడం అన్యాయం. ముప్పై ఏళ్ల నా నుంచి మొదలుపెట్టిన తపస్సైనా ఆశించొచ్చు.

కొండగట్టు అంజన్న, ధర్మపురి నరసింహుడు

ఆ రోజు పొద్దున మేం మొక్కి వచ్చింది అంజన్నకు. హనుమంతుడు అంటే మనకు బలం, గద, లంక గుర్తొస్తాయి. రాముడు ఆయనలో మొదట మెచ్చుకున్నది మాత్రం బలం కాదు, మాట. కిష్కింధ కాండలో హనుమ మారువేషంలో వచ్చి పలకరిస్తే రాముడు లక్ష్మణుడితో చెప్తాడు: ఇంతసేపు మాట్లాడినా ఒక్క తప్పు మాట దొర్లలేదు, ఈ మాట వింటే కత్తి ఎత్తిన శత్రువు మనసు కూడా మెత్తబడుతుంది అని.

అదే హనుమ సుందర కాండలో లంక కాల్చాక ఉలిక్కిపడతాడు. సీతమ్మ కూడా ఆ మంటల్లో ఉందేమో అని. అప్పుడు తనను తాను నిందించుకుంటూ, కోపం వచ్చినవాడికి ఏది అనొచ్చో ఏది అనకూడదో తెలియదు అని ఆలోచిస్తాడు. వాక్కు అంతగా తెలిసినవాడే తన కోపాన్ని చూసి భయపడ్డాడు. "నాకు కంట్రోల్ ఉంది" అనుకునే మనమెంత?

తిరుగు ప్రయాణంలో జగిత్యాల దగ్గర ధర్మపురి బోర్డు కనబడింది. ధర్మపురి అనగానే నరసింహ శతకం రాసిన శేషప్ప కవి గుర్తొచ్చాడు. మనలో చాలామంది బడిలో ఆ పద్యాలు చదువుకున్నాం. అందులో ఒక పద్యంలో ఆయన భయం ఏంటంటే, బతికినన్ని రోజులు స్వామి పేరు తలుస్తాను గానీ, చావు ముంచుకొచ్చి గొంతు పూడుకుపోయినప్పుడు ఆ పేరు నోటికి వస్తుందో రాదో, అందుకే ఇప్పుడే తలుస్తున్నాను అని.

ఇన్నాళ్లూ అది చావు గురించిన పద్యం అనుకున్నాను. కారులో కూర్చుని ఆలోచిస్తే అది నోటి అలవాటు గురించి అనిపించింది. మనసు కాపలా లేనప్పుడు నోరు తనకు అలవాటైన చోటికే పోతుంది. ముక్కుకు బ్యాగ్ తగిలిన క్షణంలో ఐదేళ్ల పిల్లవాడు ఆలోచించి మాట్లాడడు. ఉన్నది వస్తుంది. ఆ నోట్లో ఆ మాట పెట్టింది నేను.

మరి ఒప్పుకోవాలా, వద్దా?

నా సమాధానం సూటిగా చెప్తాను.

పిల్లల కోపాన్ని ఒప్పుకోండి. "నాకు యాష్టకొస్తుంది", "నువ్వు జేసింది తప్పు", "నాతోని మాట్లాడకు", "ఛీ", "థూ", ఇవన్నీ అననివ్వండి. పెద్దవాళ్లతో కూడా అననివ్వండి. కోపం చెప్పుకోవడానికి దారే లేని పిల్లవాడే బూతును దాచుకుని, మన వెనక వాడతాడు.

మూడో మనిషిని కొట్టే మాటను మాత్రం ఒప్పుకోవద్దు. తల్లిని, విధవను, కులాన్ని, అంగవైకల్యాన్ని తిట్టుగా వాడే మాట ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఎవరికీ అంటే ఎవరికీ. బాపుకు లేదు, తాతకు లేదు, బండి నడిపేటప్పుడు లేదు, మ్యాచ్ ఓడిపోతే లేదు. పెద్దవాళ్లకు మినహాయింపు ఉన్న నియమం ధర్మం కాదు, పెత్తనం. పిల్లలు ఆ తేడా ఇట్టే పసిగడతారు. "పెద్దయ్యాక అనొచ్చు" అని పెద్దవాడు కావడం కోసం ఎదురుచూస్తారు.

ఆ మాట వచ్చినప్పుడు రెండు పనులు చేయకండి. నవ్వకండి, కొట్టకండి. నవ్వితే అది బహుమానం. వీడియో తీసి వాట్సాప్ గ్రూప్‌లో పెడితే ఇంకా పెద్ద బహుమానం. కొడితే ఆ మాటకు ఇంత బలముందా అని వాడికి తెలిసిపోతుంది. మా అమ్మ చేసినట్టు కింద కూర్చుని, ఎక్కడ విన్నావని అడగండి. సమాధానం మీవైపే వేలు చూపిస్తే తట్టుకోవడానికి సిద్ధంగా ఉండండి.

వయసును బట్టి అర్థం చెప్పండి. ఐదేళ్లవాడికి "ఆ మాట అంటే బాపమ్మకు దెబ్బ తగుల్తది" అంటే చాలు. పదీ పన్నెండేళ్లకు కులం సంగతి, ఆడవాళ్ల సంగతి దాచకుండా చెప్పొచ్చు. పదహారేళ్లవాడి దగ్గర ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఏం నడుస్తుందో మనకు తెలియనిది కాదు, అక్కడ మన కాపలా కుదరదు. "నువ్వన్న మాట ఎవరికి తగిలిందో ఒకసారి చూడు" అన్న ప్రశ్న ఒక్కటి వాడి దగ్గర వదిలితే, అది వాడితో పాటు వెళ్తుంది.

అన్నిటికంటే ముందు, మనం అని ఉంటే క్షమాపణ అడగాలి. పిల్లవాడి ముందే అడగాలి.

ఇంటికొచ్చాక

ఆ రాత్రి ఇంటికొచ్చాక మా వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ మాట నేను తప్పన్న, ఇంక అనను. నువ్వు గూడ అనకు. అంటే బాపమ్మ ఏడుస్తది" అన్నాను. వాడు నన్ను అనుమానంగా చూసి, "మ్యాచ్ ఓడిపోతె?" అన్నాడు. "ఓడిపోయినా" అన్నాను. తర్వాత వాడి ముందే మా అమ్మతో తప్పయిందని చెప్పాను. ఆమె నవ్వి, "పో రా, పెద్ద మనిషివయ్యినవ్" అని కొట్టిపారేసింది. కానీ కళ్లు తుడుచుకుంది.

పొద్దున లేచేసరికి వాడు పలక పట్టుకుని ఆమె ఒళ్లో ఉన్నాడు. "నిన్న నువ్వు రాపియ్యలే గదా, ఇప్పుడు రాపియ్యి" అని గోల. ఆమె ముందు మా వదిన వైపు చూసింది, తర్వాత మా అన్న వైపు. "రాపియ్యి అత్తమ్మా" అంది వదిన. ఆమె వాడి చెయ్యి పట్టుకుని బలపంతో ఓం రాయించింది. చెయ్యి కొంచెం వణికింది. బాసరలో పంతులుగారు రాయించిన దానికంటే వంకరగా వచ్చింది.

ఆ తర్వాత రెండు మ్యాచ్‌లు అయ్యాయి. ఒకసారి నోటి దాకా వచ్చింది. వాడు పక్కనే కూర్చుని నా ముఖమే చూస్తున్నాడు. "అంజన్నా!" అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు.

ఈ వారం ఒక్కటే చేసి చూడండి. మీ నోటికి అలవాటైన మాట ఒకటి తీసుకుని, అది నిజంగా ఎవరికి తగులుతుందో ఆలోచించండి. ఆ మనిషి మీ ఇంట్లోనే ఉండి ఉండొచ్చు.

శుభమస్తు. జై శ్రీరామ్.